టోక్యోలో ఒంటరిగా గడప దాటలేకపోతున్నాను

ప్రశ్న

కాకినాడ నుంచి టోక్యోకు వెళ్లి కాపురం పెట్టిన ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. తానెవరో తెలియకూడదని కోరారు గనుక కొన్ని వివరాలు తొలగించి, మిగిలినదాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 33 ఏళ్లు. ఒక జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం బోధించేవారు. భర్త ఉద్యోగరీత్యా కిందటి వేసవిలో పాపతో కలిసి టోక్యో చేరారు. నగరానికి తూర్పున ఎదొగావా వార్డులో, భారతీయ కుటుంబాలు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో అద్దె ఇల్లు. కందిపప్పు, చింతపండు, కరివేపాకు నడిచి వెళ్లేంత దూరంలో దొరుకుతాయి. పై అంతస్తులో ఒక తెలుగు కుటుంబం, ఎదురు బ్లాకులో తమిళ కుటుంబాలు ఉన్నాయి. "కష్టమంటూ ఏమీ లేదు, కానీ ఊరికే ఏడుపు వస్తోంది" అని రాశారు.

వెళ్లిన కొత్తలో ఒక మధ్యాహ్నం పాపతో ఒతేమాచి నుంచి ఇంటికి వస్తూ తోజాయ్ లైనులో ర్యాపిడ్ రైలు ఎక్కారు. నిషి కసాయ్ స్టేషన్ కళ్లెదుటే దాటిపోయింది, తర్వాతి కసాయ్ కూడా దాటిపోయింది. రైలు పొరుగున చిబా ప్రాంతంలోని ఉరాయాసులో ఆగేసరికి ఫోను ఆగిపోయింది, పాప ఏడుపు లంకించుకుంది. స్టేషన్ ఉద్యోగి ఒకాయన దగ్గరుండి ఎదురు దిశ రైలు ఎక్కించి పంపించారు. జరిగింది అంతే. కానీ ఆనాటి నుంచి ఆమె ఒంటరిగా రైలెక్కలేదు. సాయంత్రం పూట వార్డు లౌడ్‌స్పీకర్లలో వినిపించే పాట చెవిన పడితే చాలు, గుండె బరువెక్కుతుందట.

భర్త ఆదివారాలన్నీ ఊరు చూపించడానికే కేటాయిస్తారు. ఫోనులో రాసుకున్న జాబితా ప్రకారం పొద్దున అసాకుసా, మధ్యాహ్నం అకిహాబారా, సాయంత్రం షిబుయా. పాప నడవలేనంటుంది, ఆమె వెనకబడుతుంది, ఇంటికొచ్చేసరికి మాటామాటా పెరుగుతుంది. ఇప్పుడాయన, "మన వాళ్ల మధ్యే ఉండేటట్లయితే ఇంత దూరం రావడం దేనికి?" అంటూ షింజుకులోని తన ఆఫీసుకు దగ్గరగా ఉండే నకానోకు ఇల్లు మారదామంటున్నారు. కాకినాడలోని అమ్మగారేమో పాపను తీసుకుని ఒక ఏడాది వచ్చి ఉండమంటున్నారు. పాప వచ్చే ఏప్రిల్‌లో ఒకటో తరగతిలో చేరాలి. తనలోనే ఏదైనా లోపం ఉందా, ఇల్లు మారాలా వద్దా, పాపను ఏ బడిలో వేయాలి, అసలు కొంతకాలం వెనక్కి వచ్చేయడమే మంచిదా అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం

మీ ఉత్తరం నిదానంగా చదివాను. కష్టమేమీ లేకుండా ఏడుపు రావడమేమిటని మిమ్మల్ని మీరే నిలదీసుకుంటున్నారు. కష్టం ఉంది. కాకినాడలో మీరు తరగతి గదిలోకి వస్తే పిల్లలు లేచి నిలబడేవారు, బజారులో మీ పూర్వ విద్యార్థి ఎవరో ఒకరు పలకరించేవారు, ఏ పని మీద ఎక్కడికి వెళ్లాలో ఎవరినీ అడగనవసరం లేకుండా మీకే తెలిసేది. ఇప్పుడు మీ చేతి సంచిలో జైర్యూ కార్డు అనే నివాస గుర్తింపు కార్డు ఒకటి ఉంటుంది. పదహారేళ్లు దాటిన విదేశీయులు దాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం. దాని మీద మీ హోదా భర్తపై ఆధారపడిన వ్యక్తి అని, ఉద్యోగం చేయడానికి వీల్లేదని ముద్రించి ఉంటుంది. పదేళ్లు కష్టపడి సంపాదించుకున్న గుర్తింపు స్థానంలో ఆ రెండు మాటలు కనిపిస్తుంటే దుఃఖం కలగడం సహజం. దానికి కృతజ్ఞత లేకపోవడమని పేరు పెట్టుకోకండి.

భయం, ఇల్లు, బడి, కాపురంలో కీచులాట, అన్నీ మీ ఉత్తరంలో ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. వీటిలో ముందుగా చూడవలసింది భయాన్ని. రైలెక్కలేని స్థితిలో ఉండి ఇల్లు మారాలా వద్దా అని తేల్చుకుంటే, ఏది తేల్చుకున్నా అది భయం చేసిన నిర్ణయమే అవుతుంది.

ఆ రోజు ఏం జరిగిందో ఒకసారి చూద్దాం. తోజాయ్ లైను పడమట నకానో నుంచి తూర్పున నిషి ఫునాబాషి వరకు 30.8 కిలోమీటర్లు సాగుతుంది. దాని మీద 23 స్టేషన్లు. మీరు ఎక్కిన ఒతేమాచి నుంచి తొయోచో వరకు ర్యాపిడ్ రైలు కూడా లోకల్ లాగే ప్రతిచోటా ఆగుతుంది. ఆ తర్వాత మినామి సునామాచి, నిషి కసాయ్, కసాయ్ అనే మూడు స్టేషన్లను విడిచిపెట్టి నేరుగా ఉరాయాసులో ఆగుతుంది. అంటే దారి పొడవునా అన్ని స్టేషన్లలోనూ ఆగుతూ వచ్చిన రైలు, సరిగ్గా మీ ఇంటి దగ్గర మాత్రం ఆగలేదు. ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పకపోతే ఎంతటివారైనా పొరపడతారు, ఆ పేటలో కొత్తగా దిగినవాళ్లలో చాలామందికి ఈ అనుభవం అయ్యే ఉంటుంది. ఇకమీదట పొరపాటున ర్యాపిడ్ ఎక్కినా తొయోచోలో దిగి వెనుక వచ్చే లోకల్ ఎక్కితే సరిపోతుంది. అక్కడ దిగడం మరచిపోయినా, ఉరాయాసు నుంచి తిరుగు లోకల్‌లో రెండో స్టేషన్ మీదే.

మీకు ధైర్యం చిక్కిన రోజున, పాప కిండర్‌గార్టెన్‌లో ఉండగా, ఒక పని చేసి చూడమని సూచిస్తాను. ఉదయపు రద్దీ తగ్గాక, పదిన్నర ప్రాంతంలో, ఫోను పూర్తిగా ఛార్జ్ చేసుకుని లోకల్‌లో తొయోచో దాకా వెళ్లండి. అక్కడ కావాలనే ర్యాపిడ్ ఎక్కి ఉరాయాసు వెళ్లండి. ప్లాట్‌ఫారం మీద కాసేపు కూర్చుని, లోకల్‌లో వెనక్కి రండి. మొత్తం గంట పని. ఏ చోట భయం పుట్టిందో ఆ చోటికి మీ ఇష్టంతో, ఎవరి తోడూ లేకుండా, పాపను కాపాడాలన్న ఆదుర్దా లేకుండా వెళ్లిరావడంలో ఒక బలం ఉంది. ఇంకొకరు పక్కన ఉండి పది సార్లు తిప్పినా ఆ బలం రాదు. ఇప్పుడే వద్దనిపిస్తే వద్దు, ఇంటి చుట్టూ నడకతోనే మొదలుపెట్టండి. అయితే రైలు మాట తలచుకుంటేనే గుండె దడ, ఊపిరి ఆడకపోవడం, రాత్రులు నిద్ర పట్టకపోవడం వంటివి ఉంటే మాత్రం ఇలాంటి సొంత ప్రయోగాల మీద ఆధారపడకుండా వైద్యులను కలవండి. జపాన్‌లో ఉండే విదేశీయులతో ఆంగ్లంలో ఫోన్ ద్వారా మాట్లాడి ధైర్యం చెప్పడానికి టెల్ అనే స్వచ్ఛంద సంస్థ చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. అక్కడికి ఫోన్ చేయడానికి సంకోచించనవసరం లేదు.

ఇక మన వాళ్ల మధ్యే ఉంటున్నామన్న అపరాధ భావం. మీ వారి మాటలో కొంత నిజం ఉంది. తెలుగు, తమిళం, హిందీ, ఆంగ్లంతోనే రోజు గడిచిపోయే చోట జపనీస్ నేర్చుకోవలసిన అవసరం రాదు, అవసరం రాకపోతే నేర్చుకోవడమూ జరగదు. కానీ నిషి కసాయ్‌లో ఉండటమంటే టోక్యోలో ఉండకపోవడం అన్న మాటను నేను ఒప్పుకోను. 2000 సంవత్సరం దగ్గర పడుతున్నప్పుడు కంప్యూటర్ల తేదీల సమస్య సరిచేయడానికి భారతీయ ఇంజనీర్లు పెద్దసంఖ్యలో టోక్యో వచ్చారు. బ్యాంకులు, ఆర్థిక సంస్థలు ఉన్న ఒతేమాచికి రైలు మారకుండా వెళ్లే వీలుంది గనుక, అద్దెలు కొంత అందుబాటులో ఉన్నాయి గనుక ఈ పేటలో స్థిరపడ్డారు. ఆ తర్వాత పప్పు ఉప్పు దుకాణాలు, బడులు, పక్కనే ఫునాబోరిలో ఇస్కాన్ వారి కృష్ణ మందిరం వచ్చాయి. పాతికేళ్లుగా ఆ నగరం పెరిగిన తీరులో ఇదీ ఒక భాగం. మీ పేటలో జపాన్ కుటుంబాలే ఎక్కువ. వారితో మీకు ఇంకా పరిచయం కాలేదంతే.

ఒక ఊరికి చుట్టపుచూపుగా వచ్చినవారు చూడవలసినవి వేరు, అక్కడ కాపురం ఉండేవారు తెలుసుకోవలసినవి వేరు. మీ వారి జాబితాలో ఉన్నవన్నీ మొదటి రకానివి. రెండో రకానివి ఇంటి పనులతో పాటే తెలుస్తాయి. ఉదాహరణకు కూరగాయల దుకాణంలో ముదురాకుపచ్చ కట్టలుగా ఉండే కోమత్సునా అనే ఆకుకూరను మీరు చూసే ఉంటారు. దానికి ఆ పేరు కోమత్సుగావా నుంచి వచ్చింది, ఆ చోటు మీ ఎదొగావా వార్డులోనే ఉంది. రుచి పాలకూరకూ ఆవాకుకూ మధ్యస్థంగా ఉంటుంది. లేత కట్ట తీసుకుని కాడలతో సహా సన్నగా తరిగి, కందిపప్పుతో ఉడికించి, కాస్త చింతపండు రసం, వెల్లుల్లి పోపు వేస్తే ఇంట్లో పాలకూర పప్పు లేని లోటు తీరుతుంది. అక్కడ ఉండే పెద్దావిడను ఆ కూర పేరు చెప్పి అడిగి కొని, వారం తిరక్కుండా మళ్లీ అదే దుకాణానికి వెళ్లండి. మూడో నాలుగో సారికి ఆవిడే పలకరిస్తుంది. మీకు ఇప్పుడు కావలసింది షిబుయా కూడలి కన్నా ఆ పలకరింపే అని నా నమ్మకం.

చెత్త వేసే చోటు కూడా అలాంటిదే. ఏ రోజు ఏ రకం చెత్తో చూసుకుని ఉదయం ఎనిమిది లోగా పెట్టాలి, కాకులు చింపకుండా సంచుల మీద వల సరిగా కప్పాలి. కొత్తవారికి ఇది చాదస్తంగా కనిపిస్తుంది. కానీ ఆ వల దగ్గరే ఇరుగుపొరుగు ఎదురవుతారు, విదేశీ కుటుంబం ఎలాంటిదో ముందుగా అక్కడే అంచనా వేస్తారు. వల అంచు సర్దుతూ ఒక్కసారి తల వంచి "ఒహాయో గొజాయిమాస్" (శుభోదయం) అని పలకరిస్తే, నెలల తరబడి ఎవరికీ తెలియకుండా ఉన్న మనిషి ఫలానా అంతస్తులో ఉండే పాప తల్లి అవుతుంది.

మిమ్మల్ని దిగులు పెడుతున్న ఆ సాయంత్రపు పాట గురించి ఒక మాట. పిల్లలు ఆటలు చాలించి ఇళ్లకు చేరే వేళయిందని చెప్పడానికి దాన్ని వేస్తారు. అదే సమయంలో విపత్తుల హెచ్చరికలకు వాడే లౌడ్‌స్పీకర్లు సరిగా పనిచేస్తున్నాయో లేదో ఆ పాటతోనే రోజూ పరీక్షించుకుంటారు. కాకినాడలో పెరిగిన మీకు తుపాను హెచ్చరిక విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ వేళకు పాపతో పార్కులో ఉండటం అలవాటు చేసుకోండి. మీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో గ్యోసెన్ పార్కు ఉంది. అందులో వార్డు నడిపే చిన్న జంతు ప్రదర్శనశాలకు ప్రవేశ రుసుము లేదు, సోమవారాలు సెలవు. పార్కులో రోజూ కనిపించే తల్లులతో భాష లేకుండానే పరిచయం మొదలవుతుంది, ఎందుకంటే పిల్లలు ఆ పని ముందే చేసి పెడతారు. వార్డుల్లో స్వచ్ఛందంగా జపనీస్ నేర్పే తరగతులు కూడా ఉంటాయి, రుసుము నామమాత్రం. వార్డు కార్యాలయంలో అడిగితే వివరాలు చెబుతారు. అక్కడ నేర్పేవారిలో చాలామంది ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మీకు వారితో మాట కలవడం సులువు.

తర్వాత రైలు. మీ లైను మీదే మీకు కావలసిన నగరం చాలా ఉంది. ఇంటి దగ్గర ఎక్కితే రైలు మారకుండానే వాసెదా చేరవచ్చు. అక్కడి నుంచి కొంచెం నడిస్తే పాతకాలపు ట్రాము వస్తుంది. వాసెదా నుంచి మినోవాబాషి దాకా 12.2 కిలోమీటర్లు, 30 స్టాపులు. ఒకటే పెట్టె, ఇళ్ల పెరళ్లను ఆనుకుని నెమ్మదిగా పోతుంది, లోపల ఎక్కువగా ముసలివాళ్లు, పిల్లల తల్లులు. దిక్కు తప్పడానికి వీలే లేదు, ఏ స్టాపులో దిగినా అదే ట్రాము వెనక్కి తెస్తుంది. దారిలో కోషిన్‌జుకాలో దిగితే సుగామో వీధి, అది పెద్దవయసు స్త్రీలు ఇష్టంగా బజారు చేసుకునే చోటు. భయం నుంచి తేరుకుంటున్నవారికి టోక్యోలో దీన్ని మించిన ప్రయాణం నాకు తోచడం లేదు.

నిహోంబాషిలో ఒక్కసారి గింజా లైనుకు మారితే ఉయెనో. అక్కడ షినోబాజు చెరువు నడుమ ఉన్న గుడిలో బెంజాయ్‌తెన్ అనే దేవత ఉంటుంది. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరిన మన సరస్వతే ఆమె. ఆమె బొమ్మల్లో సాధారణంగా వీణకు బదులు బివా అనే తంత్రీవాద్యం కనిపిస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో ఆ చెరువు తామరాకులతో నీళ్లు కనిపించనంతగా నిండిపోతుంది. అసాకుసాలో అందరూ చూసే పెద్ద గుడి దాటి నది పక్కగా ఇంకొంత నడిస్తే మత్సుచియామా అనే గుట్ట మీద కంగితెన్ ఆలయం వస్తుంది. ఆయన మన వినాయకుడే. అక్కడ నైవేద్యం ఉండ్రాళ్లు కాదు, తెల్ల ముల్లంగి. ఆలయంలోనే ముల్లంగులు అమ్ముతారు, వాటిని తీసుకుని వచ్చినవారు స్వామి ముందు వరుసగా పేర్చి దణ్ణం పెట్టుకుంటారు. కాణిపాకానికో అయినవిల్లికో వెళ్లినంత చనువుగా మీరూ వెళ్లవచ్చు. పాపకు చెప్పడానికి ఒక కథ దొరుకుతుంది, మీకు ఆ నగరంలో మొక్కుకోవడానికి ఒక చోటు దొరుకుతుంది. ఎదుగుతున్న పిల్లకు కొత్త దేశం పరాయిది కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి దారి ఏముంటుంది?

ఆదివారాల సంగతి. మీ వారిని నేను తప్పుపట్టను. వారమంతా ఆఫీసులో ఉండే మనిషి, భార్య ఇంట్లో దిగులుగా ఉందని తెలిసి, ఉన్న ఒక్క సెలవు రోజులో నగరమంతా మీ ముందు పెట్టాలని చూస్తున్నారు. ఇంత దూరం తీసుకొచ్చానన్న బాధ ఆయనకూ ఉండే ఉంటుంది. మాటల్లో చెప్పలేక జాబితా రాస్తున్నారేమో. అయితే ఆ ప్రయాణాల్లో దారి చూసుకునేది, టికెట్టు సంగతి చూసేది, ఎక్కడ దిగాలో చెప్పేది అన్నీ ఆయనే అయినప్పుడు, ఎన్ని చోట్లు తిరిగినా మీకు ధైర్యం రాదు. అందుకే జాబితా తగ్గించమని అడిగే బదులు, ఒక ఆదివారం ఆయన ఎంచుకున్న ఒక్క చోటికి, తర్వాతి ఆదివారం మీరు ముందే ఒంటరిగా చూసి వచ్చిన ఒక్క చోటికి వెళ్దామని అడిగి చూడండి. మీరు దారి తీసే రోజున ఆయన ఫోను చూడకూడదన్నది షరతు. పాప ఒకటో తరగతిలో చేరేదాకా మీతో రైలు ప్రయాణం ఉచితం కాబట్టి, మధ్యలో అలిసిపోతే తిరిగి వచ్చేయడానికి ఖర్చు గురించి కూడా ఆలోచించనక్కర్లేదు. మొదట్లో ఆయనకు ఇది కాలం వృథా అనిపించవచ్చు. కొన్ని వారాలు ఓపిక పట్టమని చెప్పండి.

ఇప్పుడు నకానో. మీరిద్దరూ దాన్ని నిషి కసాయ్‌కు పూర్తి వ్యతిరేకమైన చోటుగా చూస్తున్నారు, నిజానికి అది మీ తోజాయ్ లైనుకే రెండో కొస. రైలు మారకుండా సుమారు నలభై నిమిషాల దూరం. మారితే మీ వారికి షింజుకు ఒక్క స్టేషన్ అవుతుంది, రోజూ రద్దీలో పోయే గంటకు పైగా సమయం ఇంటికి మిగులుతుంది. చుట్టూ జపనీస్ మాటలే వినిపిస్తాయి కాబట్టి భాష తప్పనిసరిగా వస్తుంది. పక్కనే ఉన్న సుగినామీ వార్డులో రెంకోజీ ఆలయం ఉంది, నేతాజీవని చెప్పే అస్థికలను భద్రపరిచింది అక్కడే. కానీ ఇప్పుడున్న స్థితిలో పై అంతస్తు తెలుగు ఆవిడ, కింది దుకాణం, పాప స్నేహితులు ఒక్కసారిగా దూరమైతే ఆ ఒంటరితనం మొదట మీ మీదే పడుతుంది, ఆయన మీద కాదు. ఈ మాట ఆయనతో స్పష్టంగా చెప్పండి.

డబ్బు లెక్క కూడా చూడాలి. టోక్యోలో ఇల్లు మారాలంటే అడ్వాన్సు, ఇంటి యజమానికి కానుకగా ఇచ్చే, తిరిగి రాని రెయికిన్, మధ్యవర్తి రుసుము, హామీ సంస్థ రుసుము, బీమా అన్నీ కలిపి తరచుగా నాలుగైదు నెలల అద్దెకు సమానమవుతుంది. మీరు ఇప్పుడున్నది యూఆర్ అనే ప్రభుత్వ గృహ సంస్థ వారి ఇల్లయితే వాటిలో చాలావరకు లేకుండానే దొరికి ఉంటుంది, అలాంటిది వదులుకునే ముందు నకానో వైపు కూడా యూఆర్ ఇళ్లు ఖాళీ ఉన్నాయేమో చూడాలి. అద్దెలు అక్కడ సాధారణంగా ఎక్కువే. మారాక 14 రోజుల్లో కొత్త వార్డులో చిరునామా నమోదు చేయించుకోవాలి.

ఇల్లు మారాలనడానికి మీరిద్దరూ ప్రస్తావించని కారణం ఇంకొకటి ఉంది. ఎదొగావా వార్డులో ఎక్కువ భాగం సముద్రం పోటు మట్టానికి దిగువన, అరాకావా, ఎదొగావా నదుల మధ్య ఉంది. 2019లో వార్డు పంచిన ముంపు పటం, పెద్ద తుపాను వస్తుందంటే వార్డులో ఉండవద్దు, ముందుగానే బయటికి వెళ్లిపొమ్మని నేరుగా చెప్పింది. దీనికి భయపడి పారిపోవాలని నేను అనడం లేదు, లక్షలమంది అక్కడ నిశ్చింతగా ఉంటున్నారు. కానీ ఏ అంతస్తులో ఉన్నారు, ఖాళీ చేయమంటే ఎవరింటికి వెళతారు, భూకంపం వస్తే పాపను ఎవరు తెస్తారు అన్నవి ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవాలి. అక్కడే ఉన్నా, మారినా ఆ పని తప్పదు.

నా దృష్టిలో ఇంటి ప్రశ్నకు జవాబు పాప బడిలో ఉంది. సీబీఎస్ఈ చదువు చెప్పే భారతీయ బడులు మీ ఎదొగావా, పక్కనున్న కోతో వార్డుల్లోనే ఉన్నాయి. పాపను అక్కడ చేర్చి మీరు నకానోలో ఉంటే, ఆరేళ్ల పిల్లను రోజూ కిక్కిరిసిన రైలులో రానుపోను తిప్పాలి. ఆ భారం మీదే. కాబట్టి భారతీయ బడి అనుకుంటే ఇల్లు మారే ఆలోచన దాదాపు పక్కన పెట్టినట్లే. రెండు మూడేళ్లలో దేశానికి తిరిగి వచ్చే ఉద్దేశం ఉంటే అది సుఖమైన దారి, పాప చదువు ఎక్కడా తెగదు. ఫీజులు కట్టాలి, జపనీస్ మాత్రం పెద్దగా రాదు.

ప్రభుత్వ ప్రాథమిక బడి అయితే ఫీజు లేదు, మధ్యాహ్న భోజనం కూడా ఇప్పుడు టోక్యో వార్డుల్లో ఉచితంగా పెడుతున్నారు. పిల్లలు నడిచి వెళతారు, భోజనం తామే వడ్డించుకుంటారు, తరగతి గది తామే ఊడ్చుకుంటారు. ఆ వయసులో భాష తొందరగా పట్టుబడుతుంది. కానీ మీరు గుడ్డు కూడా ముట్టనివారమని రాశారు. అక్కడి భోజనంలో మాంసం కనిపించని రోజున కూడా చారులో ఎండుచేప నుంచి తీసిన డాషి ఉండనే ఉంటుంది. ఇంటి నుంచి డబ్బా పంపడానికి ఆ బడి ఒప్పుకుంటుందా అన్నది చేర్చకముందే ప్రధానోపాధ్యాయులతో మాట్లాడుకోవాలి. బడి నుంచి వచ్చే కాగితాలన్నీ జపనీస్‌లో ఉంటాయి, తెలుగు చదవడం, ఆంగ్లం ఇంట్లో మీరే నేర్పాలి. విదేశీయుల పిల్లలకు అక్కడ బడి చట్టరీత్యా నిర్బంధం కాదు గనుక చేర్చుకోమని మీరే వార్డులో దరఖాస్తు పెట్టుకోవాలి. కొత్తగా చేరేవారి ఆరోగ్య పరీక్షలు అంతకుముందు శరదృతువులో జరుగుతాయి. ఏ బడి అన్నది మీ చిరునామాను బట్టి నిర్ణయమవుతుంది, కాబట్టి ఈ దారి ఎంచుకుంటే ఇల్లు మారేదేదో ఏప్రిల్‌కు ముందే మారడం మంచిది. మధ్యలో మారితే పాపకు బడి, స్నేహితులు రెండూ మళ్లీ కొత్తవవుతాయి.

అమ్మగారి మాట ప్రేమతో అన్నదే. కొన్ని వారాలు వెళ్లి రావడం వల్ల మేలే జరుగుతుంది, సంక్రాంతికి వెళ్లండి, అమ్మ చేతి వంట తినండి. బయలుదేరేటప్పుడు విమానాశ్రయంలో తిరిగి వస్తానని చెప్పే గడిలో గుర్తు పెట్టి వెళితే ఏడాది లోపు అదే వీసా మీద తిరిగి రావచ్చు, ఏడాది దాటితే ఆ హోదా పోతుంది. ఏడాది పాటు ఉండిపోవడం మాత్రం వేరే విషయం. పాప తండ్రికి దూరమవుతుంది, ఒకటో తరగతి కాకినాడలో మొదలై రెండోది టోక్యోలో అవుతుంది, తిరిగి వెళ్లే రోజుకు ఆ రైలు, ఆ పేట మళ్లీ మొదటి రోజంత కొత్తగా ఉంటాయి. వైద్యుల సలహా మీద వెళ్లవలసి వస్తే సందేహించకండి. కీచులాట నుంచి తప్పించుకోవడానికి మాత్రమే అయితే, ముందు మీ వారితో కూర్చుని మాట్లాడాకే ఆలోచించండి.

మీ చదువు గురించి ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నన్నడిగితే అది అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం. మీ వీసాతో కూడా ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల వరకు పని చేయవచ్చు. ఆ అనుమతిని జైర్యూ కార్డు వెనుక ముద్రిస్తారు. అనుమతి రాకముందు ఇరుగుపొరుగు పిల్లలకు డబ్బు తీసుకుని ట్యూషన్ చెప్పడం కూడా చిక్కు తెస్తుంది, కాబట్టి వరుస తప్పకండి. సైన్సు బోధించేవారి అవసరం మీ పేటలోని కుటుంబాలకే చాలా ఉంటుంది. బడిలో పూర్తికాలం ఉద్యోగం దొరికితే వీసా హోదా మార్చుకోవలసి వస్తుంది, ఆ కాగితాలకు ఆ సంస్థ సహకారం అవసరం. నిషి కసాయ్‌లోనే ఉండటానికి ఇది గట్టి కారణం కావచ్చు, అలా అయితే మీ వారితో వాదించే పద్ధతే మారుతుంది. భయపడి ఉండిపోతానని కాక, నా పని ఇక్కడుంది కాబట్టి ఉందామని అడగగలుగుతారు.

ఇవన్నీ తేలాలంటే మీ వారిని ముందుగా ఒక్క విషయం అడగాలి. ఈ దేశంలో ఎన్నేళ్లు ఉండాలనుకుంటున్నారు, కంపెనీ ఒప్పందం ఎప్పటిదాకా ఉంది? మీ ఉత్తరంలో ఎక్కడా ఆ ప్రస్తావన లేదు, బహుశా ఇంట్లో కూడా రాలేదు. రెండేళ్లయితే ఒక జవాబు, పదేళ్లయితే మరో జవాబు. ఆదివారం తిరుగుళ్లకు వెళ్లే ముందు, ఈ వారంలోనే పాప నిద్రపోయాక ఒక రాత్రి కూర్చుని ఆ మాట తేల్చుకోండి. అది తెలిశాక బడి దరఖాస్తు, ఆ తర్వాత ఇంటి సంగతి.